ఆదివారం వంతు

ఆ వానాకాలం మా ఇంట్లో ఉన్నది ముగ్గురం, మాట్లాడేది మాత్రం ఒక్కరే. ఆ ఒక్కరూ మా అత్తయ్య. నేనూ మా ఆయనా ఒకరికొకరం ఏం చెప్పుకోవాలన్నా ఆవిడ ద్వారానే చెప్పుకునేవాళ్ళం. "అత్తయ్యా, గ్యాస్ అయిపోవచ్చిందని చెప్పండి," అని నేననేసరికి, ఆ మహానుభావుడు అదే గదిలో, నాకు మూరెడు దూరంలో చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఉండేవాడు. ఆవిడ అటు తిరిగి, "ఒరేయ్, గ్యాస్ అయిపోవచ్చిందట," అనేది. "బుక్ చేస్తానని చెప్పమ్మా," అనేవాడు. ఆవిడ ఇటు తిరిగి, "చేస్తాడట," అనేది.

అత్తయ్య టెలిఫోన్ ఎక్స్చేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. "ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఊరందరికీ లైన్లు కలిపాను. ఇప్పుడు సొంత వంటింట్లో కలుపుతున్నాను, జీతం బత్తెం లేకుండా," అని నవ్వేది. మేం చూడటం లేదనుకున్నప్పుడు ఆ నవ్వు ఉండేది కాదు. నేను చూసేదాన్ని.

గొడవ ఎక్కడ మొదలైందో చెప్పకపోతే మేమిద్దరం మీకు పిచ్చివాళ్ళలా కనిపిస్తాం. మాదిద్దరిదీ ఒకే ల్యాబు. నాది రసాయనం, ఆయనది కణాలు. నేను నానో రేణువులు తయారుచేస్తాను. అవి కంటికి కాదు కదా, మామూలు మైక్రోస్కోపుకి కూడా ఆనవు. మేం వాటిని చుక్కలంటాం. సీసాలో చూస్తే పల్చటి టీ నీళ్ళలా ఉంటాయి, నీలం దీపం కింద పెడితే వెలుగుతాయి. వాటి విశేషమేమిటంటే, బతికున్న కణంలోకి వెళ్ళాక ఆకుపచ్చగా వెలుగుతాయి. ఆ కణం చావడం మొదలుపెట్టిందో, ఎర్రబడతాయి. చచ్చాక కాదు, మొదలుపెట్టగానే. క్యాన్సరు కణాల మీద కొత్త మందొకటి వేసి, అది పనిచేస్తోందా లేదా అని రోజుల తరబడి కాచుకోనక్కర్లేకుండా రంగు చూసి చెప్పెయ్యొచ్చు. ఆ రంగు మారే గుణం పట్టుబడే లోపల నా చేతుల్లో ఎన్ని సీసాలు మాడి మసయ్యాయో నాకే గుర్తులేదు.

వేసవిలో ఆ చుక్కల మీద మా పేపరు అచ్చయింది. మొదటి పేరు మా ఆయనది, రెండోది నాది. మా లోకంలో మొదటి పేరంటే పని చేసినవాళ్ళది. రెండోదంటే చెయ్యి సాయం పట్టినవాళ్ళది. మా ల్యాబు నడిపే గైడు పేర్ల వరస చదివిన రోజు మా ఆయన నా పక్క కుర్చీలోనే ఉన్నాడు. చుక్కలు ఎవరివో ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. అయినా బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. ఇంటికొచ్చి నిలదీస్తే, "అందులో ఏముంది, మనిద్దరం ఒకటేగా," అన్నాడు.

ఒకటే అయినప్పుడు నా పేరు ముందు పెట్టినా ఒకటేగా? ఆ మాట మొహం మీదే అనేసి తలుపేసుకున్నాను. మర్నాటికి సర్దుకుంటుందిలే అనుకున్నాడు. నేను సర్దుకోలేదు. దాంతో ఆయనకీ పౌరుషం ముంచుకొచ్చింది. భోజనాలు వేరువేరు వేళల్లోకి వెళ్ళిపోయాయి. వానలు మొదలయ్యేసరికి, వేరే ఊళ్ళో ఏదో కంపెనీలో ఉద్యోగం దాదాపు ఖాయమైందనీ, మా గైడు సిఫారసు ఉత్తరం ఒక్కటే రావాలనీ అత్తయ్య నోటివెంట విన్నాను.

"వానలు వెనకబట్టాక చేరాలట. ఒక్కడే వెళ్తాడట," అని చెప్పి, జవాబు పట్టుకెళ్ళడానికి నా ఎదురుగా నిలబడింది.

"సరే అని చెప్పండి."

ఆవిడ ఆ జవాబు పట్టుకెళ్ళలేదు. అక్కడే నిలబడి, "మరి నన్నెలా పంచుకుంటారు, పొడుగ్గానా, అడ్డంగానా?" అంది. ఆవిడా నవ్వలేదు, నేనూ నవ్వలేదు. విడిపోవడం అన్న మాట ఎవరి నోటా రాలేదు గానీ, వానలు వెలిశాక ఆ ఇల్లు ఒకటిగా ఉండదని ముగ్గురికీ తెలుసు. అది జరగకూడదని నాకుంది. ఆ ముక్క చెప్పడానికి నోరు పెగల్లేదు. అంతే సంగతి.

ఇక ల్యాబు. మా గైడుని చాటుగా అందరూ కంట్రోల్ సార్ అంటారు. ఏం చూపించినా ఆయన ముందు అడిగేది "కంట్రోల్ ఏదమ్మా?" అనే. మందు వేసినవాటి పక్కన మందు వెయ్యనివి కూడా పెట్టి పోల్చావా అని ఆయన ప్రశ్న. ఇంట్లో ఉప్పు వేసిన కూరా, వెయ్యని కూరా రెండూ రుచి చూసిగానీ ఆయన భోజనం మొదలుపెట్టడని మావాళ్ళ వేళాకోళం. మంచివాడే. కాకపోతే ఆయన ముందు తప్పు పని చేసి నిలబడటం కంటే వానలో తడవడం నయం.

కణాలని పెంచేది ఒక చిన్న గదిలో, దాన్ని కల్చర్ గది అంటాం. అందులో బీరువాలాంటి ఇంక్యుబేటరు ఉంటుంది, లోపల ఎప్పుడూ ఒంటివేడి. తలా ఒక అర. అరలో మూతలున్న చిన్న చిన్న ప్లేట్లు, ప్లేట్లలో గులాబీరంగు మీడియం, దాని అడుగున అంటుకుని కణాలు. మీడియం పసుపు తిరిగిందంటే వాటి తిండి అయిపోయినట్టు. పాతది తీసేసి, కడిగి, కొత్తది పొయ్యాలి. దాన్నే మేం అన్నం పెట్టడం అంటాం. "మీవాటికి అన్నం పెట్టారా?" అని ఒకళ్ళనొకళ్ళం అడుక్కుంటూ ఉంటే కొత్తగా వచ్చినవాళ్ళు మాకు ఏవో పెంపుడు జంతువులున్నాయనుకుంటారు.

కణాలకి ఆదివారం సెలవు ఉండదు కాబట్టి ఆ రోజు ఎవరో ఒకరు వచ్చి అందరి అరలూ చూసి వెళ్ళాలి. దాన్ని ఆదివారం వంతంటారు. పేరుకే వంతు. తలా ఒక సాకు చెప్పి తప్పించుకుంటే చివరికి ఎప్పుడూ మా ఆయన నెత్తినే పడేది. ఆయనా కాదనేవాడు కాదు. కణాలంటే ఆయనకి ప్రాణం.

ఆ వానాకాలం నేను చేస్తున్న పని చెప్పుకోవడానికి తేలికే. ప్లేట్లలో నా చుక్కలు వేసి, కొత్త మందు వేసి, కణాలు ఎర్రబడటం చూడాలి. మైక్రోస్కోపు ఆ బిల్డింగు మొత్తానికీ ఒకటే. దాని దగ్గర నాకు దొరికిన వేళలు శనివారం మధ్యాహ్నం, సోమవారం పొద్దున్న. శనివారం చూస్తే అన్నీ ఎర్రగా ఉన్నాయి. పొంగిపోయాను. సోమవారం వచ్చి అవే ప్లేట్లు పెడితే పచ్చగా, చక్కగా, కాళ్ళు బారజాపుకుని హాయిగా ఉన్నాయి. మందు పాతబడిందేమో అనుకుని కొత్త మందు తెప్పించాను. మళ్ళీ అంతే. చుక్కలు పాడయ్యాయేమోనని మొదటినుంచీ మళ్ళీ వండాను. శనివారం ఎరుపు, సోమవారం పచ్చ. తల గోడకేసి కొట్టుకోవడం ఒక్కటే తక్కువ.

వారం వారం జరిగే మీటింగులో ఆ బొమ్మలు చూపించక తప్పలేదు. కంట్రోల్ సార్ కళ్ళద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూశాడు.

"అయితే శనివారం చస్తున్న కణం సోమవారానికి లేచి కూర్చుందంటావా?"

"అదే అర్థం కావట్లేదు సార్."

"అర్థం కాకపోవడానికేముందమ్మా? చచ్చేవి అలా లేచి రావు. లేచాయంటే అవి శనివారం చావట్లేదన్నమాట. నీ చుక్కలు అబద్ధం చెప్పాయన్నమాట." ఆయన గొంతు పెంచలేదు. "అచ్చయిన పేపరు వెనక్కి తీసుకోవాల్సి వస్తుందేమో. వానలయ్యేలోపు తేల్చు. తేలకపోతే కంపెనీలు అమ్మే రంగు కొనుక్కుందాం, ఈ పని మూసేద్దాం."

ఎదురుగా కూర్చున్న మా ఆయన బల్ల మీద పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి పెన్నుని జేబులో పెట్టుకున్నాడు. ఆయన మొహం పాలిపోయింది. తన పేరు మొదట ఉన్న పేపరు వెనక్కి పోతుందన్న దిగులు కాబోలనుకున్నాను. బాగా అయిందని కూడా అనుకున్నాను, అబద్ధమెందుకు.

తర్వాత ఒక పొద్దున్న, ముసురు పట్టి, వంటింట్లో పట్టపగలే లైటు వేసుకోవాల్సి వచ్చింది. నేను కూరలు తరుగుతున్నాను. అత్తయ్య నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. నేను తరిగినవి మళ్ళీ సన్నగా తరగడం మొదలుపెట్టింది.

"అమ్మాయ్, మా ఉద్యోగంలో ఒక పద్ధతుండేది," అంది. "లైను కలిపాక చెవి తీసెయ్యాలి. చెవిన పడినా పడనట్టే ఉండాలి. ఎవరి సంసారంలో ఏం జరుగుతోందో నాకు తెలిసినంత ఆ ఊళ్ళో పోలీసులకి కూడా తెలీదు. ఒక్క మాట బయటికి పొక్కనివ్వలేదు."

"తెలుసు అత్తయ్యా."

"ఇవాళ తప్పుతున్నాను. వాడు ఎవరితోనూ అనొద్దన్నాడు." వేలితో ముక్కలన్నీ ఒక పక్కకి నెట్టింది. "ఆదివారాలు వెళ్తున్నాడు కదా, నీ వాటికి కూడా అన్నం పెడుతున్నాడట."

"అందరివాటికీ పెడతారు అత్తయ్యా, అది వంతు."

"అందరివాటి సంగతి కాదు. నువ్వు దిగులుతో పట్టించుకోవడం మానేశావనుకున్నాడట. పసుపు తిరిగి ఏడుపుమొహాలు పెట్టుకుని ఉన్నాయట. పాపం, తనతో మాట్లాడకపోతే మానె, వీటినైనా చూద్దామని శుభ్రంగా కడిగి పెట్టి వస్తున్నాడట. మొన్న మీటింగులో తెలిసిందట, అవి కడక్కూడనివని. ఇంటికొచ్చి నా దగ్గర కూర్చుని, నేనే ముంచానమ్మా అని ఒకటే బాధ."

నేను కత్తి కింద పెట్టాను. నా అర ముట్టుకోవద్దన్న మాట నేనెప్పుడూ ల్యాబులో చెప్పలేదు. శనివారం భోజనాల దగ్గర, కూర వడ్డిస్తూ చెప్పేదాన్ని. "రేపు నావి కదపకు," అంటే ఆయన నోట్లో ముద్దతో తలూపేవాడు. పెళ్ళైనప్పటినుంచీ అదే పద్ధతి. భోజనాలు వేరయ్యాక ఆ ముక్క చెప్పేదెవరు? మూతల మీద నా రాతలు చూసి తెలుసుకుందామన్నా, అవి నాకు తప్ప ఎవరికీ అర్థం కావు.

ఒళ్ళు భగ్గుమంది. మరుక్షణంలోనే ఇంకో సంగతి తట్టింది. అన్నం పెట్టడమంటే పాత మీడియం తీసెయ్యడం. దాంతోపాటు మందూ పోతుంది. విషం పోయాక కొత్త తిండి దొరికింది. అంటే శనివారం అవి నిజంగానే చస్తున్నాయి. సోమవారం నిజంగానే బతికాయి. నా చుక్కలు రెండుసార్లూ నిజమే చెప్పాయి. ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆ సంతోషం మీదే మళ్ళీ కోపం. ఇదంతా తెలిసి కూడా ఆ మనిషి ఆ గదిలో నోరు మెదపకుండా కూర్చున్నాడు. ఒకసారి కాదు, ఇది రెండోసారి.

ఆయన ముందుగదిలో రెయిన్ కోటు తొడుక్కుంటున్నాడు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"ఆదివారం నా అరలో ప్లేట్లు కడిగావా?"

వెనకాలే వచ్చిన అత్తయ్య, అలవాటు కొద్దీ, "ఒరేయ్, ఆదివారం" అని మొదలుపెట్టి, ఠక్కున చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన ఒక చెయ్యి కోటులో, ఒక చెయ్యి బయట, అలాగే నిలబడిపోయాడు. "కడిగాను," అన్నాడు.

"ఎలా కడిగావు?"

"రెండుసార్లు కడిగి, కొత్త మీడియం పోశాను. వదిలేశావనుకున్నాను."

"మీటింగులో ఎందుకు చెప్పలేదు?"

"భయమేసింది."

"నేనంటేనా, సార్ ఉద్యోగానికి ఉత్తరం రాయడనా?"

ఆలోచించాడు. "రెండూ," అన్నాడు. ఆ జవాబు నాకు నచ్చింది, ఒప్పుకోవాలి. ఇంకేం చెప్పినా ఆ గుమ్మంలోనే మళ్ళీ మాటలు మానేసేదాన్ని.

"ఈ ఆదివారం మళ్ళీ కడుగు. ఈసారి నేను చూస్తుండగా కడుగు."

ఎందుకో ఆయనకి విడమరిచి చెప్పక్కర్లేదు. కడిగినప్పుడు చచ్చినవి ఊడి కొట్టుకుపోతాయి. గట్టిగా అంటుకుని ఉన్నవి మిగులుతాయి. సోమవారం పచ్చగా కనిపించినవి ఎర్రబడినవేనా, లేక ఎర్రవి పోయి అసలు జబ్బు పడనివి మిగిలాయా అని కంట్రోల్ సార్ మొదటి నిమిషంలోనే అడుగుతాడు. జవాబు కావాలంటే ఒకే కణాన్ని కన్నార్పకుండా చూడాలి. ప్లేటు మైక్రోస్కోపు మీద ఉండగానే, కదపకుండా కడగాలి. ఒకరు చూస్తుంటే ఒకరు కడగాలి. ఆయనంత నెమ్మదైన చెయ్యి మా ల్యాబులో ఇంకొకరికి లేదు.

ఆదివారం మైక్రోస్కోపు గదికి ఎవరూ రారు. కిటికీలకి నల్లగుడ్డ, బయట పొద్దున్నే అయినా లోపల చీకటి, వాన చప్పుడు మాత్రం వినపడుతోంది. ప్లేటు అడుగున సూదితో చిన్న గీత గీసి, ఆ గీత పక్కనున్న కణాలని పట్టుకున్నాను. అప్పటికే ఎర్రగా ఉన్నాయి. ముడుచుకుపోయి, ఒంటినిండా బుడగలు లేచి, చూడ్డానికే జాలిగా ఉన్నాయి.

ఆయన డ్రాపరుతో ఒక అంచు నుంచి పాత మీడియం లాగి, ఇంకో అంచు నుంచి కొత్తది వదలడం మొదలుపెట్టాడు. నాకు తెరమీద బొమ్మ ఇసుమంత కూడా కదల్లేదు.

"ఊపిరి పీలుస్తున్నావా, లేదా?" అన్నాను.

"కడిగాక పీలుస్తాను."

అయిపోయాక నీలం దీపం వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఊరికే వెయ్యకు. ఆ వెలుగుకి కూడా చస్తాయి. బొమ్మ తీసేటప్పుడు వేసి ఆపెయ్." నాకు తెలియంది కాదు, ఆత్రం కొద్దీ మర్చిపోయాను. అలా, వేసి ఒక బొమ్మ తియ్యడం, ఆపి చీకట్లో కూర్చోవడం. చీకట్లో ఇద్దరం మాట్లాడుకోలేదు. కానీ అది ఇంట్లో మాట్లాడుకోకపోవడం లాంటిది కాదు.

మొదట ఏమీ జరగలేదు. తర్వాత గీతకి దగ్గరగా ఉన్న ఒకదాని మీద బుడగలు తగ్గాయి. ఇంకో బొమ్మలో అది ఒక పక్కకి కాలు చాపింది. ఎరుపు పల్చబడింది. అంచున, గోరంత మేర, పచ్చదనం వచ్చింది. దాని పక్కది చితికిపోయి కొట్టుకుపోయింది, అది రాలేదు. ఆ వెనకవి రెండు మాత్రం వచ్చాయి. మధ్యాహ్నం దాటేసరికి గీత పక్కన ఎర్రగా ఉన్నవాటిలో సగం దాకా పచ్చబడ్డాయి. చచ్చేది లేచి వస్తుంటే చూశాం, ఇద్దరం.

నాకు ఏడుపొచ్చింది. చీకటే కదా, ఎవరికి కనపడుతుందిలే అని ఏడ్చాను. ఆయన జేబులోంచి చేతిరుమాలు తియ్యబోయి, గ్లవ్సులున్నాయని గుర్తొచ్చి ఆగిపోయి, "నీ చుక్కలు అబద్ధం చెప్పలేదు," అన్నాడు.

"నాకు తెలుసు," అన్నాను, ముక్కు ఎగబీల్చి. తర్వాత ఒక మాట గట్టిగా చెప్పాను. "మీటింగులో పాత ఆదివారాల సంగతి ఎత్తకు. కడిగి చూశాం అంటాను, అది నిజమే. ఉత్తరం నీ చేతికి వచ్చేదాకా ఆగు."

ఎందుకలా చెప్పానంటే, నేను సాధ్విని కాబట్టి కాదు. వెళ్ళాలనుకున్న మనిషి నా మూలంగా ఆగిపోయాడన్న మాట జీవితాంతం మొయ్యడం నా వల్ల కాదు. వెళ్తే వెళ్ళాలి, ఉంటే ఉండాలనిపించి ఉండాలి. ఆయన తలూపాడు.

మీటింగులో ఆ బొమ్మల్ని వరసగా, సినిమాలా నడిపించి చూపించాను. కంట్రోల్ సార్ ఒకసారి చూశాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. మూడోసారి కుర్చీ తెర దగ్గరికి లాక్కున్నాడు.

"అదే కణమా?"

"అదే సార్. పక్కన గీత చూడండి."

"కంట్రోల్ ఏదమ్మా?"

"మందు వేసి కడగనివి చచ్చిపోయాయి సార్. అసలు మందు వెయ్యనివి పచ్చగానే ఉన్నాయి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "బావుంది," అన్నాడు, ఆ మాట వాడి చాలాకాలమైన మనిషిలా. "చావు మొదలయ్యాక కూడా కొన్ని తిరిగొస్తున్నాయి, వాటిని నీ చుక్కలు పట్టిస్తున్నాయి. మందులు తయారుచేసేవాళ్ళు ఇది తెలుసుకోవాలి. అవునూ, కడగాలని ఎవరికి తోచింది?"

"సార్, అనుకోకుండా..." అని నేను మొదలుపెట్టాను.

మా ఆయన లేచి నిలబడ్డాడు. మా మీటింగుల్లో ఎవరూ నిలబడరు. "ఎవరికీ తోచలేదు సార్. ఆదివారాలు తన ప్లేట్లు నేను కడిగాను, అడక్కుండా. వారాలపాటు. పోయిన మీటింగులో నాకు సంగతి అర్థమైంది. చెప్పలేదు."

"తెలిసే కూర్చున్నావా?"

"కూర్చున్నాను సార్. ఇంకోటి. వేసవిలో అచ్చయిన దాంట్లో నా పేరు ముందుండటం తప్పు. ఆ చుక్కలు తనవి. నేను కణాలు పెంచి ఇచ్చాను, అంతే. అప్పుడూ చెప్పలేదు."

కంట్రోల్ సార్ కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. "ఆ వరస పెట్టింది నేను. దాని సంగతి నేను చూస్తాను," అన్నాడు. "మిగతాది నీది. ఒకరి ప్రయోగం ఇంకొకరు ముట్టుకుని, తెలిశాక కూడా దాచితే, ఆ మనిషి గురించి నేను కంపెనీకి ఏమని రాయను?"

"రాయొద్దు సార్."

"కల్చర్ గది తాళంచెవి అక్కడ పెట్టు."

మా ఆయన జేబులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. నేను తర్వాతి బొమ్మ వేశాను. అది చూపించాలి కాబట్టి వేశాను.

ఇంటికి ఇద్దరం కలిసే నడిచాం, ఎవరి గొడుగు వాళ్ళది. దారిపొడుగునా నేను పళ్ళు బిగబట్టుకుని వచ్చాను. గుమ్మం దాటి చెప్పులు విడిచానో లేదో, కట్ట తెగింది.

"నీకు చెప్పానా లేదా, ఎత్తకని? తలూపావా లేదా?"

"ఊపాను."

"మరి నన్నడక్కుండా ఎందుకు లేచావు? నీ పేరు ముందుకొచ్చినప్పుడు నన్నడగవు, కడిగినప్పుడు నన్నడగవు, ఉద్యోగం వదులుకునేటప్పుడూ నన్నడగవా?"

"అడిగితే వద్దనేదానివి."

"అవును, వద్దనేదాన్ని."

"అందుకే అడగలేదు." ఆయన గొంతు కూడా లేచింది. మా పెళ్ళైనప్పటినుంచీ ఆ గొంతు అంత ఎత్తుకి లేవడం నేను వినలేదు. "రెండుసార్లు నోరు మూసుకున్నాను. మూడోసారి కూడా మూసుకుని, ఉత్తరం జేబులో పెట్టుకుని రైలెక్కమంటావా? ఎక్కి ఏం చెయ్యను? ఉద్యోగం కోసం వెళ్దామనుకున్నానా నేను? ఈ ఇంట్లో నీ గొంతు వినపడక వెళ్దామనుకున్నాను."

"వినపడకపోతే నువ్వు మాట్లాడొచ్చుగా?"

"నువ్వు తలుపేసుకుంటే ఎవరితో మాట్లాడను, తలుపుతోనా?"

"తట్టొచ్చు."

"తడితే తీసేదానివా?"

"మొదటిసారి తియ్యకపోదును. రెండోసారి తీసేదాన్ని." అంటూంటే నాకు మళ్ళీ ఏడుపు ముంచుకొచ్చింది, ఏడుస్తూనే అరిచాను. "నువ్వు వెళ్ళకూడదని నాకుంది. నీకు ఉద్యోగం పోయిందని కడుపు మండుతోంది, నువ్వు వెళ్ళట్లేదని సంతోషంగా ఉంది. ఇదంతా నీవల్లే."

"నావల్లే. మరి పాలు విరిగిపోయాయని కూడా మా అమ్మతో కబురు పెట్టావే, అది ఎవరివల్ల? విరిగిన పాలు నా ఎదురుగానే ఉన్నాయి. నా కళ్ళు పోయాయా?"

"కళ్ళుంటే ఫ్రిజ్ లో పెట్టేవాడివి. రాత్రంతా బయట వదిలింది ఎవరు?"

వంటింటి గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలీదు. కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. ఇద్దరం ఒక్కసారిగా నోళ్ళు మూసుకున్నాం. పెద్దావిడ ముందు ఇలా వీధిలోకి వినపడేలా అరుచుకోవడం సిగ్గుచేటని నాకు అప్పుడు తోచింది.

"ఆపకండి," అంది ఆవిడ. "నాకోసం మధ్యలో ఆపకండి. కడుపులో ఏదీ మిగల్చకుండా తిట్టుకోండి. వంట నేను చూసుకుంటాను." లోపలికి వెళ్ళబోయి, వెనక్కి తిరిగి, వంటింటి తలుపు ఓరగా వేసి మరీ వెళ్ళింది.

ఆయన నా వైపు తిరిగాడు. తడిసిన కోటు ఇంకా విప్పనేలేదు.

"ఎక్కడున్నాం?" అన్నాడు.

"పాల దగ్గర," అన్నాను.